అప్పుడు నవ్విండ్రు, ఇప్పుడు అమ్ముతుండ్రు

ఈ నడుమ ఏ సినిమా చూసినా, ఏ టీవీ పెట్టినా, ఆఖరికి బట్టల దుకాణం అడ్వటైజ్‌మెంటు వచ్చినా అందరు మా లెక్కనే మాట్లాడుతుండ్రు. అట్ల మాట్లాడుతున్నమని వాళ్లు అనుకుంటుండ్రు. మాట ముంగట ఒక 'గ' తగిలిచ్చి, ఎనుక ఒక 'బయ్' అంటిచ్చి, నడుమల ఒక 'మస్తు' ఇరికిస్తే ఇగ తెలంగాణ యాస తయారైనట్టే వాళ్లకు. నువ్వేమో దాన్ని చూసి సంబురపడుతున్నవు పిలగా. "తాతా, మన భాషకు ఇప్పుడు ఎంత గిరాకున్నదో చూడు" అంటవు. గిరాకున్నది, నేను కాదంటలేను. నా కడుపుమంటంత ఆ గిరాకి మీదనే. చెప్త, జర కూసో. ఆ చెవులల్ల పెట్టుకున్నయి తీసి కూసో.

నేను ఆర్టీసీల కండక్టర్‌గ చేసి దిగినోన్ని. భువనగిరి నుంచి మోత్కూరు, ఆలేరు, జనగామ, నల్లగొండ, ఇటు హైదరాబాదు, ఎప్పుడన్న పండుగ రద్దీకి కోదాడ దాటి బెజవాడ దాంక డ్యూటీ పడేది. మా రోజులల్ల బస్సు నిమ్మళంగ పోయేది. ఊరూరికి ఆగేది. ఎవలన్న ఆడామె చంకల పిల్లనెత్తుకొని పొలంగట్ల మీంచి ఉరికొస్తుంటె డ్రైవరన్న ఆమె ఎక్కేదాంక బండి కదిలిచ్చేటోడు కాదు, లోపట కూసున్నోళ్లు గూడ ఆలస్యమైందని గునిసేటోళ్లు కాదు. ఇప్పటి బస్సులల్ల ఎవని సీటు వానిది, ఎవని ఫోను వానిది, పక్కన కూసున్నోనిది ఏ ఊరో దిగేదాంక తెల్వది. అప్పుడు ఎక్కంగనే "ఏ ఊరు బిడ్డా, ఎవలోళ్లవు" అని మొదలయ్యేది, దిగేలోపట పిల్లను ఇచ్చి పుచ్చుకునే ముచ్చట్ల దాంక పోయేది. నేను టికెట్లు కొట్టుకుంట ఇనేది. అట్ల ఏండ్లకేండ్లు ఇనంగ ఇనంగ నాకు ఒకటి సమజైంది. తెలంగాణ యాస అని ఒక్కటి ఎక్కడ లేదు.

మా దిక్కు వలిగొండ, రామన్నపేట మనిషి "వస్తుండు" అంటడు. జనగామ దాటి వరంగల్ దిక్కు పోతే "వత్తాండు" అంటరు. సిరిసిల్ల, జగిత్యాల దిక్కు "వచ్చిండు"ను "అచ్చిండు" అంటరు. పాలమూరోళ్ల మాటకు ఇంకో సాగుడుంటది, గద్వాల దిక్కు పోతే దాంట్ల కన్నడం గాలి తగులుతది. హుజూర్‌నగర్, కోదాడ దాటితే కృష్ణ అవతలోళ్ల 'అండి' మెల్లగ లోపటికొస్తది. ఇంక ఊరిలోపట ఊరు వేరు. సాలోళ్ల మగ్గం కాడి మాట వేరు, గొల్లోళ్ల మంద కాడి మాట వేరు, గౌండ్లోళ్లు తాటిచెట్టు మీంచి కిందికి కేకేసే తీరు వేరు. కండ్లు మూసుకొని గొంతు ఇని ఏ ఊరికి టికెట్టు కొట్టాల్నో చెప్పేటోన్ని నేను. ఇప్పటి సినిమాలల్లనేమో 33 జిల్లాలకు కలిపి ఒకటే యాస. బొగ్గుబాయి కార్మికుడు, బాన్సువాడ రైతు బిడ్డ, పాతబస్తీ పోరడు ముగ్గురు ఒక్క బడిల చదువుకున్నట్టు మాట్లాడుతరు.

అసలు వాళ్లు పట్టుకోవాల్సింది పట్టుకోలేదు, ఇడిచిపెట్టాల్సింది ఇడిచిపెట్టలేదు. ఒక ముచ్చట చెప్త. ఒకనాడు నల్లగొండ బస్సుల ఒక ఆఫీసరు ఎక్కిండు. కృష్ణ అవతలి దిక్కు నుంచి కొత్తగ బదిలీ మీద వచ్చినోడు, ఇస్త్రీ మడత నలగని అంగి. సీటు లేదు. ఒక ముసలామె గంప ఒళ్లె పెట్టుకొని జరిగి "రా నాయినా, నువ్వు కూసో, నిలవడితే కాళ్లు గుంజుతయి" అన్నది. ఆయన మొఖం ఎర్రగైంది. "నువ్వు అంటావా నన్ను" అని ఆమె మీదికి లేచిండు. ఆమెకేం సమజ్ గాలె. కన్నకొడుకు లెక్క పిలిచి జాగ ఇచ్చింది, ఆయన ఆ పిలుపు ఇడిచిపెట్టి 'నువ్వు' ఒక్కటి పట్టుకున్నడు. మా దిక్కు మర్యాద అంత వరుసల ఉంటది బిడ్డా. నాయినా, అవ్వా, అన్నా, పెద్దమ్మా, బాపూ, ఆ వరుస పెట్టినమంటె మనిషిని ఇంట్లకు తీసుకున్నట్టే, ఆ తర్వాత 'నువ్వు' అంటెనే దగ్గరితనం. తల్లిని "అవ్వా, యాడున్నవే" అని పిలుస్తం. దాంట్ల తక్కువ చేసుడు ఏమున్నది?

ఇప్పుడు సినిమావోళ్లు చేసేది గూడ ఆ ఆఫీసరు చేసిందే. వరుసలు తీసేసిండ్రు, 'నువ్వు' ఉంచుకున్నరు. దానికి రెండు బూతులు, ఒక లొల్లి కలిపిండ్రు. మా ఊరి మనిషి కోపమొస్తెనే ఆడే మాటలను ఇరవైనాలుగ్గంటలు ఆడిపిస్తుండ్రు. పెండ్లి పందిట్ల మా పెద్దమనిషి ఎట్ల మాట్లాడుతడు, సావుకాడ ఎట్ల గొంతు తగ్గిస్తడు, వడ్లు కొలిచేకాడ ఎంత పద్ధతిగ లెక్కజెప్తడు, అదంత ఎవలు ఇనాలె?

మా రోజులల్ల అన్ని మంచిగుండె అని నేను చెప్తలేను. మాట విషయంల అయితే అసలే మంచిగ లేకుండె. మా నాయిన కాలం నుంచే చెప్త. 1921 నవంబర్‌ల హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్ల సంఘ సంస్కరణ సభ జరిగింది, కార్వే పండితుడు అధ్యక్షుడు. అందరు మరాఠీల, ఉర్దూల, ఇంగ్లీషుల మాట్లాడిండ్రు. ఆలంపల్లి వెంకట రామారావు వకీలు లేచి తెలుగుల మాట్లాడవోతే గేలి చేసి కూసోవెట్టిండ్రు. తెలుగు అంటెనే నవ్వులాటైన రోజు అది. ఆ రోషం మీదనే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1944ల దాని పదకొండో సభ ఈ భువనగిరిలనే పెట్టిండ్రు. మన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు దించి కూలోన్ని, పాలేరును లోపటికి రమ్మన్నరు. మా నాయిన ఆ సభకు నడిచిపోయిండు. ఏం జరిగిందని అడిగితే, "మన లెక్కనే మాట్లాడిండ్రురా" అని ఒక్కటే మాట చెప్తుండె. ఉపన్యాసాల సంగతి ఆయనకు యాదికి లేకుండె, ఆ మాట తీరు యాదికుండె.

అంతకు పదేండ్ల ముందు, 1934ల, తెలంగాణల కవులు లేరని ఎవలో రాస్తే మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఏరి గోలకొండ కవుల సంచిక అచ్చేసి మొఖాన కొట్టిండు. అంత చేసినా 1956ల ఆంధ్రప్రదేశ్ అయినంక మల్ల మొదటికొచ్చింది. మా ముందటోళ్లు ఉర్దూల చదివినోళ్లు, తెలుగు చెప్పే సార్లు కృష్ణ, గుంటూరు దిక్కు నుంచి వచ్చిండ్రు. చదువు మంచిగనే చెప్పిండ్రు. గని నేను "పోయిన" అని రాస్తే ఎర్ర సిరా, "వచ్చిండు" అని రాస్తే ఎర్ర సిరా. ఒక సారు తరగతి ముంగట నిలవెట్టి నా వాక్యం సదివిపిచ్చి అందరిని నవ్విపిచ్చిండు. నాతోని నవ్వినోళ్లంత ఇంట్ల అదే మాట మాట్లాడేటోళ్లే. గిడుగు రామమూర్తి పంతులు గొప్పోడు, గ్రాంథికం మీద కొట్లాడి జనం మాటను పుస్తకాలకు ఎక్కించిండు, దండం పెడ్త. గని ఆ జనం కోస్త నాలుగు జిల్లాల జనమే అయి ఊకున్నరు. మా జనం లెక్కకు రాలె.

సినిమా వచ్చినంక ఎర్ర సిరా పోయి నవ్వు వచ్చింది. నువ్వు పుట్టకముందు సంగతి. భువనగిరి హాల్ల నేలటికెట్టు మీద కూసొని చూసేటోళ్లం. హీరో మాట ఒక తీరు, హీరోయిన్ మాట ఒక తీరు, నౌకరు, రౌడీ, లంచగొండి మంత్రి వస్తె మాత్రం మా మాట. కోట శ్రీనివాసరావు కంకిపాడు మనిషి, చానా గొప్ప నటుడు, 1998ల గణేష్ సినిమాల మా యాసల దుర్మార్గపు మంత్రి ఏషం ఏస్తే నంది అవార్డిచ్చిండ్రు. ఆయన పనితనం ముంగట నేనేం మాట్లాడను. గని అటువంటి ఏషాలకే ఆ యాస ఎందుకు రాస్తుండ్రని అడిగే మనిషి లేకపాయె. 1992ల మొండిమొగుడు పెంకి పెళ్లాంల విజయశాంతికి, అంటే హీరోయిన్‌కే, మా మాట పెట్టిండ్రు. మంచిదే అనుకున్న. చూస్తే అక్కడ గూడ నవ్వు ఆ మాట మీదనే. నాకు ఇంకా కండ్లల్ల కదిలేది తెర మీదిది కాదు, హాల్ల కూసున్నోళ్లు. మా అన్నదమ్ములు, మా పక్కింటోళ్లు, పొద్దుగాల సంతల "ఎట్లిస్తవ్ బెండకాయ" అని బేరమాడినోళ్లు. తెర మీద నౌకరు అదే తీరు మాట్లాడంగనే ఈలలేసి నవ్వుతుండ్రి. ఎవల నోరు చూసి ఎవలు నవ్వుతుండ్రో తెల్వని నవ్వు. అది నేర్పిండ్రు మాకు. ఇంటర్వ్యూకు పోయిన పిలగాండ్లు మాట మార్చుకొని పోయేటోళ్లు, మార్చుకొని మార్చుకొని ఇంట్ల తల్లి ముంగట గూడ అట్లనే మాట్లాడి తన్నులు తిన్నోళ్లున్నరు.

ఆ నవ్వు ఆపింది సినిమావోళ్లు కాదు, ఇది యాదివెట్టుకో. 1997ల ఈ భువనగిరిల దగాపడ్డ తెలంగాణ అని సభ పెట్టిండ్రు. ఆ దినాలల్ల బెల్లి లలిత అని, ఇక్కడ మిల్లుల పనిచేసిన బిడ్డ, గజ్జెకట్టి తన ఊరి మాటలనే పాడేది. కట్ట మీద నిలవడి పాడితే బజారు బజారంత ఇనేది. 1999ల ఆ బిడ్డను ముక్కలు చేసి పారేసిండ్రు. అటువంటి గొంతులు ఊరూరికి తిరిగి, దూందాం ఆటపాటల సభలల్ల పాడి, లక్షల మందిని కూడగడితెనే ఈ మాటకు ఇజ్జతొచ్చింది. 2014 జూన్ 2 నాడు రాష్ట్రమొచ్చింది. ఆ తర్వాతనే సినిమా దుకాణాలు గల్ల తెరిచి ఈ యాసకు గిరాకున్నదని చూసుకున్నయి. పాడినోళ్లు తన్నులు తిన్నరు, జైళ్లకు పోయిండ్రు, పానాలిచ్చిండ్రు. పైసలు వేరేటోళ్లకు ముట్టినయి. నా కడుపుమంట ఎందుకో ఇప్పుడన్న తెలిసిందా?

"అంటే వేరే జిల్లావోళ్లు మన మాట మాట్లాడొద్దా తాతా" అని ఎంటనే అడుగుతవు. మీకు అన్నిటికి తొందరే. నేను అట్లనలేదు. మా భూమి చూసినవా? 1979ల తీసిన సినిమా. తీసింది గౌతమ్ ఘోష్, బెంగాలీ మనిషి, తెలుగు రాదు. కథ కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల నుంచి తీసుకున్నరు. అయినా దాంట్ల మా ఊరి మనుషులు మా లెక్కనే మాట్లాడుతరు, ఎవలు నవ్వరు. ఎందుకంటే ప్రజ్ఞాపూర్ నర్సింగరావు లాంటోళ్లు ఎంబడున్నరు, ఊర్లకు పోయి కూసున్నరు, గద్దర్ వచ్చి పాడిండు, మన గుండాల మండలం సుద్దాల హనుమంతు పసులకాడి పోరగాని మీద కట్టిన పాట దాంట్ల పెట్టిండ్రు. ఆ హనుమంతు గూడ చూడు, గొల్లోళ్లు చెప్పుకునే గొల్లసుద్దుల తీరు తీసుకొని ఆంధ్ర మహాసభ సంగం ముచ్చట్లు చెప్పిండు. ఎవ్వరు మా కళ దొంగతనం చేసినవని అనలేదు. ఎందుకంటరు? వాళ్ల గొర్రెల మీద పన్ను, వాళ్ల వెట్టి, వాళ్ల దొర, ఇవే పాడిండు. వాళ్ల నడుమనే బతికిండు, వాళ్లతోనే దెబ్బలు తిన్నడు.

ఫిదా సంగతి గూడ ఒప్పుకుంట. 2017ల శేఖర్ కమ్ముల తీసిండు. ఆ సాయిపల్లవి తమిళనాడు పిల్ల, తెలుగు నేర్చుకొని తన గొంతుతోని తనే చెప్పుకున్నది. ఆ పిల్ల నోట్లె నుంచి మా మాట వస్తె ఎవలింటి ఆడబిడ్డనో అనిపిచ్చింది. మా ఇంట్ల ఆడోళ్లు గూడ ఈ పిల్లది ఏ ఊరు అని అడిగిండ్రు. నేర్చుకోవాలన్న బుద్ధుంటె నోరు తిరగకపోవుడు ఉండదు. 2023ల బలగం తీసిన వేణు సిరిసిల్ల మనిషి. ఆఖర్ల పాటకు పట్నం గాయకులను పిలవక బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులతోనే పాడిచ్చిండు. వాళ్లు ఇంటింటికి తిరిగి సావుల కాడ, దినాల కాడ చెప్పే కథ అది. వాళ్లే చెప్పిండ్రు. ఊర్లల్ల గ్రామపంచాయతీ ముంగట తెరలు కట్టుకొని చూసిండ్రు జనం, ఇడిపోయిన అన్నదమ్ములు కలిసిండ్రని గూడ ఇన్నం. నేను గూడ ఏడ్చిన. లంబాడిపల్లిల గంగవ్వను చూడు, ఎవలు రాసిచ్చిండ్రు ఆమెకు డైలాగు? తన నోరు, తన ఊరు. అది యూట్యూబ్ అయినా నేను చూస్త.

ఇటు నుంచి ఇంకో మొగులయ్య ముచ్చట చెప్త. దర్శనం మొగులయ్య, పాలమూరు మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేటోడు. తాతల నుంచి వచ్చిన కళ. 2021ల పెద్ద సినిమాకు ఆయన గొంతు, ఆయన కిన్నెర తీసుకున్నరు, దేశమంత ఇన్నది. 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024ల పట్నం కాడ ఇండ్లు కట్టేకాడ కైకిలికి పోతుండని పేపర్ల ఫొటో పడ్డది. ఎవలు మోసం చేసిండ్రని నేను ఎవల పేరు తీస్తలేను. సాయం చేసినోళ్లు ఉన్నరు, సర్కారు గూడ ఇచ్చింది. గని పాట కోట్ల మంది చెవులల్ల మోగుతుంటె పాడినోడు ఇసుక గంప మోసుడు ఏం లెక్క? కండక్టర్ పనిల నా లెక్క ఎన్నడు తప్పలేదు, ఈ లెక్క మాత్రం కుదుర్తలేదు. టికెట్టు కొన్నోని పైసలు యాడికో పోతున్నయి.

అసలు మాటకు, అచ్చుకొట్టిన మాటకు తేడా ఏందంటె, పోచంపల్లి చీర మన పక్కూరిదే గనక దాంతోనే చెప్త. నేసిన చీరకు దారంల రంగుంటది, తిప్పి చూస్తె ఎనుక గూడ అదే పువ్వు అదే రంగు. సూరత్ దిక్కు మిల్లులల్ల అదే పువ్వు బట్ట మీద అచ్చు కొడుతరు, తిప్పి చూస్తె ఎనుక వెలసి ఉంటది. ధర పావు వంతు. 2005ల మన పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు సర్టిఫికెట్ ఇచ్చిండ్రు, ఇది ఈ చేతులదే అని. మన ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం తల్లి ఒక్క చీరెకు ఆసు పోయాలంటె, అంటే దారం మేకులకు అటుఇటు చుట్టాలంటె, చెయ్యి తొమ్మిదివేల సార్లు ఆడియ్యాలె, భుజం పడిపోయేది. అది చూసే ఆయన ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ, 2019ల సినిమా గూడ వచ్చింది. ఆ భుజం నొప్పంత చీరె ధరల ఉన్నది. ఈ సినిమాలల్ల నేను ఇనే యాసను తిప్పి చూస్తె ఎనుక ఏం లేదు. మాటకు సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు లేదు, అందుకని ఎవలన్న అచ్చుకొట్టొచ్చు.

మాటను పద్ధతిగ ఏరినోళ్లు గూడ ఉన్నరు. భద్రిరాజు కృష్ణమూర్తి అని పెద్ద పండితుడు, ఒంగోలు మనిషి. ఆయన పట్నంల కూసొని రాసుకోలేదు. రైతులు నాగలి కాడ, ఎడ్ల కాడ వాడే మాటలన్ని జిల్లాజిల్లాకు మనుషులను తోలి అడిగిపిచ్చి 1962ల మాండలిక వృత్తిపదకోశం అచ్చేసిండు. 1971ల నేతపనిది. ఏ మాట ఏ దిక్కుదో పక్కన రాసిండ్రు. మన యశోదారెడ్డమ్మ, పాలమూరు బిజినేపల్లి బిడ్డ, ఆడోళ్లు అరుగు మీద కూసొని చెప్పుకున్న తీరుల కథలు రాసింది. ఇవన్ని అచ్చైనయే ఉన్నయి, ఒక్క సినిమా రాసే పోరడన్న తెరిచి చూసిండా? నాకు నమ్మకం లేదు.

ఇంక నీ సంగతి. నువ్వేం తక్కువ కాదు. పుష్ప వచ్చినప్పుడు ఆర్నెల్లు చిత్తూరు మాట మాట్లాడి, భుజం ఎత్తి, గడ్డం కింద చెయ్యి తిప్పి తిరిగినవు. చిత్తూరోళ్లకు గూడ తాతలుంటరు, వాళ్లు గూడ ఇట్లనే గునుస్తుండొచ్చు. శ్రీకాకుళపోళ్ల మాట అనంగనే వంటోడు, వాచ్‌మన్ ఏషం ఏస్తరు, నువ్వు నవ్వుతవు. సీమ మాట అనంగనే బాంబులు, సుమోలు. మన తండాల నుంచి లంబాడోళ్లు కూరగాయలు పట్టుకొని బస్సెక్కితే వాళ్లు మాట్లాడే తెలుగును ఇకిలిచ్చి చూపేటోళ్లు ఈ భువనగిరోళ్లే, కృష్ణ అవతలోళ్లు కాదు. నా బస్సుల అట్ల ఎక్కిరిచ్చినోన్ని నేను దింపేసిన, మల్ల టికెట్టు పైసలు గూడ వాపస్ ఇయ్యలే. మనల నవ్విండ్రని ఏడ్చినోళ్లం ఇంకొకలను చూసి నవ్వుడేంది?

డల్లాస్‌ల నా మన్మరాలు ఉన్నది, ఫోన్ల చెప్పింది. అక్కడ మన తెలుగు పోరగాండ్లు ర్యాప్ పాటలు ఇని నల్లోళ్ల లెక్క మాట్లాడుతరట, నల్లోళ్ల దోస్తు ఒక్కడు ఉండడట. దాన్ని అక్కడ కల్చరల్ అప్రోప్రియేషన్ అని బళ్లెల్ల చెప్తరట. 1928ల వాళ్ల రేడియోల ఏమోస్ అండ్ యాండీ అని ప్రోగ్రాం, ఇద్దరు తెల్లోళ్లు నల్లోళ్ల యాసల మాట్లాడి దేశాన్ని నవ్విపిచ్చిండ్రట. బొమ్మల సీరియల్ సింప్సన్స్‌ల మన దేశం దుకాణపాయన అపూకు గొంతిచ్చిన తెల్లాయన హాంక్ అజారియా 2020ల ఇగ నేను చెప్పనని మానుకున్నడట. "చూసినవా తాతా, అక్కడ ఎంత మారిందో" అన్నది. మంచిదే బిడ్డా అన్న. తను మా మాట మాట్లాడక ఎన్నేండ్లైందో అడగలేదు. ఆ పిల్ల ఫోన్ల నన్ను "తాతగారు, బాగున్నారా" అంటది.

ఇక్కడ మాత్రం ఏం తక్కువ? సెప్టెంబర్ 9 కవి కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆనాడు బళ్లెల్ల పిల్లలకు దస్తీ కట్టి, యాసల ఉపన్యాసం బట్టీ పట్టిచ్చి చెప్పిపిస్తరు. కాళోజీ బతికినన్ని దినాలు ఈ భాష కోసం కొట్లాడిండు. ఆయన పేరు మీద పిల్లలు సినిమా డైలాగు లెక్క సాగదీసి చెప్తుంటె ముంగట కూసున్న పెద్దలు సప్పట్లు కొడుతరు. తెల్లారి అదే పిల్ల ఇంట్ల "నాకు ఆకలైతుందవ్వా" అంటె, "మంచిగ మాట్లాడు" అని అదే తల్లి కసురుతది. నేను చూసిన, నా కండ్ల ముంగటనే.

సరే, పనికొచ్చే మాట చెప్త, ఇను. మా చెల్లె పోచంపల్లిల ఉన్నది. ఆసు పోసి పోసి చెయ్యి ఇప్పుడు పైకి లేవది, నోరు మాత్రం మంచిగున్నది. దారం తడిపేకాడ నుంచి చీరె మడతపెట్టేదాంక ఒక్కొక్కదానికి ఆమె వాడే మాటలు, కోడలును తిట్టే మాటలు, తిట్టినంక బుజ్జగిచ్చే మాటలు, మా అవ్వ నుంచి వచ్చిన సామెతలు, ఆమె తర్వాత ఎవలకు రావు. ఆ ఫోను రోజంత ఒళ్లె పెట్టుకొని తిరుగుతవు గదా, అది పట్టుకొనిపోయి ఆమె ముంగట పెట్టు. ఎవలన్న సినిమా రాసేటోడు రేపు ఆ మాటలు కావాలని వస్తె ఇయ్యి, దాచుకోకు, గని ఆమె పేరు తెర మీద పడాలె, ఆమె చేతుల పైసలు పడాలె. ఆ ఒప్పందం ముందుగాల కాయితం మీద రాయించుకో. ఆదివారం పొద్దుగాలనే పో, ఎండెక్కినంక పండుకుంటది. పోయినంక ఆమెతోని గా సినిమా యాసల మాట్లాడకు, ఆమెకు సగం సమజ్ గాదు.